ఫారంలో లేని గడి

"ప్రాణం మీదికొచ్చినప్పుడు కుక్క కోసం ఆగే ఆడది ఉంటుందా?" ఈ వారం ఒక సభలో వక్త అన్న ఈ మాట నాకింకా మింగుడుపడలేదు. ఉంటుంది. 1998లో అమెరికాలోని యూటాలో ఫ్రాంక్ అసియోన్ అనే పరిశోధకుడు గృహహింస తప్పించుకుని షెల్టర్‌లో తలదాచుకున్న స్త్రీలను వారి పెంపుడు జంతువుల గురించి అడిగారు. జంతువులను పెంచుకున్న వారిలో 71 శాతం మంది, భర్తో, భాగస్వామో వాటిని హింసిస్తానని బెదిరించాడనో, హింసించాడనో, చంపాడనో చెప్పారు. అలాంటివాడి చేతిలో వాటిని వదిలి రావడం తేలికా?

అంత దూరం ఎందుకు? మా పక్కింటి అత్త దెబ్బలు తిని పుట్టింటికి వెళ్లేది. రెండో పూటకల్లా తిరిగొచ్చేది. మొగుడి మీద మమకారమని ఊరంతా అనుకున్నారు. అమ్మతో మాత్రం అసలు మాట చెప్పింది: "నేను లేకపోతే దూడను తల్లి దగ్గరికి విడవడు వదినా. పాలన్నీ పిండుకుంటాడు. అరిస్తే కర్ర తీస్తాడు." ఆ సంగతి అతనికీ తెలుసు. ఆమెను వెనక్కి రప్పించడానికి కబురు పంపాల్సిన పనే లేదు, దూడను కొడితే చాలు.

అడగని ప్రశ్నకు జవాబు రాదు. గృహహింస నివేదిక ఫారంలో పిల్లల వివరాలకు చోటుంది, పెంపుడు జంతువుకు గడి లేదు. 2005 నాటి గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద స్త్రీధనాన్నీ, ఆమె ఇతర ఆస్తినీ తిరిగి ఇప్పించవచ్చు. చట్టం లెక్కలో కుక్క కూడా ఆస్తే. కాబట్టి టీకా కార్డు, మునిసిపల్ లైసెన్సు ఆమె పేరున ఉండటం ముఖ్యం.

బాధిత స్త్రీలకు ఆశ్రయమిచ్చే సఖి కేంద్రాల్లోకి కుక్కలనూ రానివ్వాలని రాద్దామనే ఈ కాలమ్ మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ మాట అనను. అక్కడ ఆశ్రయం ఐదు రోజులే. కుక్కంటే బెదిరే పిల్లలూ అక్కడే ఉంటారు. పైగా కుక్కను వీధిలో తిప్పితే భర్త గుర్తుపడతాడు. ఆమె ఎక్కడ దాగిందో కుక్కే చెప్పేస్తుంది.

బ్రిటన్‌లో డాగ్స్ ట్రస్ట్ 2004 నుంచి చేస్తున్న పద్ధతి మేలు. ఆమె స్థిరపడేదాకా కుక్కను వాలంటీర్లు తమ ఇళ్లలో సాకుతారు. ఆ వాలంటీర్ల ఆచూకీ బయటికి పొక్కదు.

పశువైద్యులకూ, జంతు సంక్షేమ సంఘాలకూ నా విన్నపం ఒక్కటే: మీ ఊళ్లో అలాంటి ఇళ్ల జాబితా తయారుచేసి, సఖి కేంద్రానికి గోప్యంగా అందించండి. మీ ఇంట్లో చోటుంటే మీ పేరూ ఇవ్వండి. సాయం కావాల్సిన అక్కచెల్లెళ్లు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. మీతోపాటు కుక్కో పిల్లో మేకో ఉందని మొదటి మాటగానే చెప్పండి.