విప్పిన నోరు, వినని చెవి

1886లో క్రాఫ్ట్ ఎబింగ్ 'సైకోపాథియా సెక్సువాలిస్' అనే గ్రంథాన్ని జర్మన్ భాషలో వెలువరించాడు. గ్రంథనామం లాటిన్. లోపల కూడా, కామవిషయాలను మరీ విప్పి చెప్పవలసిన చోట్ల, రచయిత లాటిన్‌లోనికి తప్పుకొన్నాడు. వైద్యులూ న్యాయాధికారులూ చదవవలె, సామాన్యులు చదవరాదు అని ఆయన ఉద్దేశం. కాని సామాన్యులే చదివారు. కొందరు తమ జీవితకథలను వ్రాసి ఆయనకే పంపారు. తెర కట్టిన చోటనే మనుష్యులు మాట్లాడసాగారు.

హావ్‌లాక్ ఎల్లిస్ ఆ మాటలకు మరింత చోటిచ్చాడు. స్వలింగప్రేమను నేరంగా గాని రోగంగా గాని ఎంచక, అట్టివారి స్వీయకథనాలను తన గ్రంథంలో పొందుపరచాడు. ఆ పుస్తకాన్ని అమ్మినందుకు 1898లో లండన్‌లో జార్జి బెడ్‌బరో న్యాయస్థానం ఎదుట నిలబడవలసి వచ్చింది.

1905లో ఫ్రాయిడ్ 'డోరా' అనే మారుపేరుతో ఒక యువతి చికిత్సావృత్తాంతాన్ని ప్రకటించాడు. ఆమెతో కామవిషయాలను దాపరికం లేకుండా మాట్లాడినానని అందులో సమర్థించుకొన్నాడు. విచిత్రమేమంటే, ఉన్నదున్నట్లు చెప్పుతానని చెప్పడానికే ఆయన ఒక ఫ్రెంచి నానుడిని ఆశ్రయించాడు. లాటిన్ తెర తొలగి ఫ్రెంచి తెర దిగింది!

ఇది చిన్న విషయం. పెద్ద విషయం వేరే ఉన్నది. పద్నాలుగేండ్ల ప్రాయంలో తండ్రి స్నేహితుడొకడు ఆ బాలికను ఒంటరిగా చిక్కించుకొని ముద్దు పెట్టుకొన్నాడు. ఆమెకు ఏవగింపు కలిగింది. ఫ్రాయిడ్ ఆమె చెప్పిన సంగతిని నమ్మాడు. ఆ ఏవగింపును మాత్రం హిస్టీరియా లక్షణంగా లెక్కించాడు. 1900 డిసెంబరు ఆఖరు దినాన ఆమె చికిత్స మానుకొని వెళ్ళిపోయింది. తన పొరపాట్లను కొన్నింటిని ఫ్రాయిడ్ ఒప్పుకొన్నాడు. ఆ ఏవగింపు న్యాయమైనదన్న సంగతి మాత్రం వానిలో లేదు.

కనుక మనస్తత్వశాస్త్రంలో నిషేధం సడలిన కథ సూటిగా సాగిన కథ కాదు. మరుగుపరచిన క్రాఫ్ట్ ఎబింగ్ పుటలలో రోగుల గొంతు వినిపించింది. నిస్సంకోచి అయిన ఫ్రాయిడ్ పుటలలో ఒక బాలిక గొంతు అణగిపోయింది.

తన రోగుల వృత్తాంతాలు చిన్నకథలవలె ఉన్నవని ఫ్రాయిడే 1895లో ఆశ్చర్యపడినాడు. కథలే గనుక వానిని కథలుగానే పరీక్షించవలె. చలం రచనలనాటినుండి తెలుగులో అశ్లీలతనుగూర్చిన వాదం ఏ మాట వ్రాయవచ్చును, ఏది వ్రాయరాదు అన్నదానిచుట్టూ తిరిగినది. డోరా వృత్తాంతం ఇంకొక ప్రశ్న అడుగుతుంది: ఆ మాట ఎవరిని గూర్చినదో, వారు పలుకుటకు రచనలో చోటున్నదా? రచయితకు ధైర్యం అవసరమే. వినికిడి అంతకన్న అవసరం.