దేవుడి మీద ప్రేమకు కొలత ఏది?

యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయం దేవుడి మీద ప్రేమకు పెట్టే పరీక్ష ఒకటే: కళ్లెదుటి సహోదరుణ్ణి ప్రేమిస్తున్నావా? మన ప్రసంగాలు మాత్రం ఆ పరీక్షను ఉపవాసం, కన్నీళ్లు, దశమభాగం దగ్గరే ఆపేస్తున్నాయి.

19వ శతాబ్దంలో కడప లండన్ మిషన్‌లోకి, ముత్యాలపాడు ఎస్.పి.జి.లోకి ఎక్కువగా మాలలు వచ్చారు. అమెరికన్ బాప్టిస్టుల్లోకి ఎక్కువగా మాదిగలు. మిషన్ల కాలం పోయింది గానీ చాలా ఊర్లలో మాలగేరి చర్చి, మాదిగగేరి చర్చి అట్లాగే ఉన్నాయి. పై పీఠాల్లో కొంత కదలిక వచ్చింది. 2022లో కర్నూలు మాజీ బిషప్ పూల ఆంథోనీ తొలి దళిత కార్డినల్ అయ్యారు. సంతోషమే. మరి కింద? రెడ్డి మన కులం అడిగితే మండిపడతాం. ఒకే ప్రభువుబల్లలో పాలుపొందే మాల, మాదిగ విశ్వాసులం ఒకరితో ఒకరం వియ్యమందుతున్నామా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పని భక్తి ఎంత ఏడ్చినా ప్రేమ కాదు.