ఖండించుకొను తలములు: యూక్లిడ్ నిర్వచనముపై ఒక విమర్శ

క్రీ. పూ. 300 ప్రాంతమున యూక్లిడ్ రచించిన 'ఎలిమెంట్స్' గ్రంథములో 11వ భాగము ఘన రేఖాగణితమునకు తొలి మెట్టు. రెండు తలములు ఖండించుకొన్నపుడు వాటి మధ్య కోణమును కొలుచు పద్ధతిని అందలి 6వ నిర్వచనము తెలుపును. ఖండన రేఖపై ఒక బిందువును తీసుకొని, ఆ రేఖకు లంబముగా ఒక్కొక్క తలములో ఒక్కొక్క రేఖను గీయవలెను. ఆ రేఖల మధ్యనున్న లఘుకోణమే తలముల వాలు.

నిర్వచనము నిర్దుష్టమే. కాని ఆ రెండు రేఖలనే ఏల ఎన్నుకొనవలెనో అది చెప్పదు. చదువరికి చిక్కు ఇచటనే వచ్చును. తలములు లంబములైనచో వాటిలోని రేఖలన్నియు పరస్పరము లంబములే యని విద్యార్థి తలచుట సహజము. పొడవు, వెడల్పు, ఎత్తు సమానముగా గల గదిని ఊహించినచో ఈ భ్రమ తొలగును. అందు పక్కపక్క గోడలు రెండును లంబములే. అయినను నేలపై ఒకే మూల నుండి ఆ గోడల మీద గీచిన కర్ణముల మధ్య కోణము 60° మాత్రమే. ఏలయన ఆ రెండు కర్ణములును, వాటి కొనలను కలుపు పైకప్పు కర్ణమును సమానములై సమబాహు త్రిభుజ మేర్పడును.

దీనికి విపర్యయమును కలదు. ఖండన రేఖ రెండు తలములకును చెందినది. తలములు ఎంత వాలియున్నను ఒకదానిలో ఆ రేఖకు లంబమును గీయవచ్చును. కనుక లంబరేఖల జంట ఒకటి దొరికినంత మాత్రమున తలములు లంబములని నిశ్చయింపరాదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల విద్యార్థికి ఈ పాఠమును చెరువుకట్టయే నేర్పగలదు. నల్లగొండ చెంత పానగల్లులోని ఉదయసముద్రము వంటి చెరువు కడ నీటిమట్టము ఒక తలము. కట్ట తిన్నగా సాగినచోట దాని లోపలి వాలు రెండవ తలము. నీటి అంచు ఖండన రేఖ. ఆ అంచుకు లంబముగా కట్టపైకి సాగు రేఖయే నిజమైన వాలును చూపును. ఆ వాలు 45° అనుకొందము. అంచుతో 45° చేయుచు ఓరగా సాగు రేఖను కొలిచినచో అది నీటిమట్టముతో 30° మాత్రమే చేయును. నిటారైన కట్ట మెల్లని వాలుగలదిగా లెక్కకు వచ్చును. వాలు మితిమీరిన మట్టికట్ట జారును గనుక ఈ పొరపాటు చిన్నది కాదు.

ఖండన రేఖపై బిందువు ఎచటనున్నను కోణము మారదని కూడ నిర్వచనము చెప్పదు. అందుకు ఆధారము 10వ సిద్ధాంతము వచ్చువరకు లభింపదు. ఈ రెండు వెలితులను ఉపాధ్యాయుడు పూరింపవలెను. నల్లబల్లపై ఘనాకృతిని గీచినపుడు లంబకోణములు పలుమార్లు వంకరగా కనిపించును. కంటిని నమ్ముటకు ముందు “ఈ రేఖ ఖండన రేఖకు లంబమా?” అని ప్రశ్నించుకొను అలవాటును విద్యార్థికి చేసినచో, నిర్వచనము వల్లెవేయకయే మనసున నిలుచును.