తువ్వాలు చాటు ధర

ఈ వారము మా రెడ్డిగూడెము మామిడితోటల రసాలు మండీకి చేరినవి. ధర మాత్రము యథాప్రకారము తువ్వాలు చాటుననే తేలినది. దళారి, వర్తకుడు ఇరువురి వ్రేళ్లు గుడ్డ క్రింద బేరమాడుచుండ, పూత మొదలు కోత వఱకు చెట్టును కనిపెట్టుకొనియున్న రైతు ప్రక్కన చేతులు కట్టుకొని నిలుచుట చూచి నాకు కలిగిన క్రోధము ఇంకను చల్లారలేదు. తూకములో తరుగు పేర జరుగు కోతను గూర్చి నేనెన్నిమారులు వ్రాసితినో ఈ శీర్షిక చదువువారెఱుగుదురు.

ఆ క్రోధములో నాకు డెన్మార్కు జ్ఞప్తికి వచ్చినది. కోపెన్‌హాగెనులో సైకిలు బాట రోడ్డుకంటె ఒక మెట్టు ఎగువను, కాలిబాటకంటె ఒక మెట్టు దిగువను ఉండును; ఆగదలచినవాడు చేయి పైకెత్తి వెనుకవారికి తెలిపి మఱి ఆగును. అయినను నన్ను నిలువరించినది నగరము గాదు, ఊరు దాటిన పిమ్మట బాట ప్రక్కన కానవచ్చిన కాపలా లేని చిన్న బల్ల. దానిపై స్ట్రాబెర్రీలు, కొత్త బంగాళాదుంపలు, కోడిగ్రుడ్లు; ధర వ్రాసిన పలక; పైకము వేయుటకొక డబ్బా. కొన్నవాడు తనంతట తానే సొమ్ము వేసి పోవును.

ఆ జాతి స్వభావముచేతనే సత్యసంధమైనదనియు, మనకా గుణము లేదనియు యాత్రికులు నిట్టూర్చుట కద్దు. చరిత్ర వేఱు చెప్పుచున్నది. 1870 దశకమున అమెరికా, రష్యాల చౌక ధాన్యము వచ్చిపడగా గిట్టుబాటు కోల్పోయిన డేనిష్ రైతు పాడివైపు మఱలెను. 1882లో జట్లండు పడమటి సీమలోని హ్యెడింగు గ్రామమున తొలి సహకార క్షీరశాల వెలసెను. అట్టి క్షీరశాలలలో లాభము పోసిన పాలను బట్టి. ఓటు మాత్రము ఆవులను బట్టి గాక మనిషికొక్కటి. పెద్ద మందగలవాడును, రెండావులవాడును ఒకే బల్లకడ కూర్చుండి, తమ వెన్న విషయము తామే నిర్ణయించుకొనిరి. 1844లో రోడింగున మొదలైన జానపద పాఠశాలలు, డేనిష్ విద్యాచింతకుడగు గ్రుండ్‌విగ్ ఆశయము ననుసరించి, పరీక్షలు లేని చదువుతో అంతకుముందే పల్లెయువకులకు సభలో నోరు విప్పు ధైర్యము నొసగినవి.

మన పల్లెలలో నమ్మకము లేదనుట నేనంగీకరింపను. చలివేంద్రపు కుండకు కాపలా ఎవరు? తోటకాపరి దారినపోవువానికి రాలుపండు పెట్టి పైకమడుగునా? ఆ బాటప్రక్క బల్లపై నున్నవానిలో మనకు లేనిది డబ్బా గాదు, పలక. తన పంటకు తానే ధర వ్రాసుకొను హక్కు. అది గుణము వలన వచ్చునది గాదు, కట్టుబాటు వలన వచ్చును.

కావున మామిడి రైతులు తమ కాటా, తమ గిడ్డంగి, మనిషికొక ఓటు గల సంఘమును కట్టుకొనవలెను. అంతవఱకు ఆగనక్కఱలేనిది ఒకటి కలదు: వచ్చు కాపునకైనను మండీలో ఆ తువ్వాలును మాన్పించి, రైతు చెవిన పడునట్లు వేలము గొంతెత్తి పాడించుట.