తిరిగిన ఆడవాళ్ల లెక్క

"తిరిగి ఆడది చెడె, తిరక్క మగవాడు చెడె" అనే సామెత మా గిద్దలూరు వైపు ఇంకా వాడుకలోనే ఉంది. ముగ్గురు ఆడవాళ్లం కలిసి శ్రీలంక పోదామనుకుంటున్నామని చెప్పిన రోజు మా అన్న ఆ సామెతే అన్నాడు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పేదాన్ని. నవ్వుతూ అన్నాడు. నాకు అరవై రెండేళ్లు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ సామెతకు క్లాసులో అర్థం కూడా చెప్పాను. 'చెడటం' అనే మాటకు మగవాడి విషయంలో ఒక అర్థం, ఆడదాని విషయంలో మరో అర్థం ఎందుకు వచ్చాయని మాత్రం ఏ పిల్లా అడగలేదు, నేనూ చెప్పలేదు.

మగవాడు తిరిగితే 'లోకం చూసినవాడు'. ఆడది తిరిగితే 'తిరుగుబోతు'. మగవాడు అందరూ నడిచే దారి వదిలి పక్కకు పోతే అది సాహసం. ఆడదాన్ని 'దారి తప్పింది' అంటే ఊళ్లో దానికి ఒక్కటే అర్థం. తెలుగు యాత్రా సాహిత్యం గురించి మాట్లాడేటప్పుడు మన భాషలోనే ఉన్న ఈ అడ్డుకట్టను విమర్శకులు పెద్దగా పట్టించుకున్నట్టు నాకు కనిపించలేదు. నాకైనా అది పుస్తకం చదివితే తట్టలేదు. ఖర్చుల లెక్క వేయడానికి కూర్చున్నప్పుడు తట్టింది.

ముగ్గురంటే నేను, మా వదిన, మా వీధి చివరింటి ఆమె. వదినది మార్కాపురం. పెళ్లికి ముందు పలకల ఫ్యాక్టరీలో పలకలకు రంగు వేసేది. మూడో ఆమె కువైట్‌లో పదకొండేళ్లు ఇంటిపని చేసి వచ్చింది. వీధంతా 'కువైట్ అక్క' అంటారు, నాకన్నా పదేళ్లు చిన్నదైనా నేనూ అలాగే అంటాను. నెలకు మనిషికి 2 వేల చొప్పున పద్దెనిమిది నెలలు పొదుపు చేశాం. చేతిలో ఉన్నది మనిషికి 36 వేలు. వదిన ఇంట్లోని పాత పలక మీద ఆ లెక్కను ఇలా విడగొట్టింది. విమానం రానుపోను 16 వేలు. వీసా, బీమా 3 వేలు. పోరుమామిళ్ల, బద్వేలు మీదుగా చెన్నై పోయి రావడానికి 2 వేలు. మిగిలిన 15 వేలు ఎనిమిది రోజుల తిండికి, గదికి, అక్కడి రైళ్లకు, బస్సులకు. మన రూపాయికి అక్కడి రూపాయలు మూడుకు పైనే వస్తాయి కాబట్టి ముగ్గురికీ ఒకే గది తీసుకుంటే సరిపోతుంది.

మాకు సముద్రపు ఒడ్డున హోటళ్లు అక్కర్లేదు. మేం చూడాలనుకున్నది అనురాధపురం జిల్లాలో తంబుత్తేగమ దగ్గరి కుడాగమ. అక్కడ అహికుంటకులు ఉంటారు. పాములు ఆడించడం మగవాళ్ల వృత్తి, చెయ్యి చూసి జోస్యం చెప్పడం ఆడవాళ్ల వృత్తి. తాటాకు గుడారాలతో ఊరూరూ తిరిగిన వాళ్లు ఇరవయ్యో శతాబ్దంలో మెల్లగా ఊళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. వాళ్ల ఇంటి భాష తెలుగు. తరాల క్రితం సముద్రం దాటిపోయిన తెలుగు, సింహళం మధ్య బతికిన తెలుగు. కొలంబో ఫోర్టు స్టేషన్లో అనురాధపురం వైపు పోయే రైలెక్కితే తంబుత్తేగమలో దిగొచ్చు. అదే జిల్లాలో కలావెవ అనే పెద్ద చెరువు ఉంది. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించాడు. మాకు కంభం చెరువు ఉంది, కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటాం. 2020లో ఆ చెరువుకు ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. చెరువు కింద పుట్టినవాళ్లం మరో చెరువు చూడబోతున్నాం అన్నది వదిన సరదా.

ప్రయాణం ఖాయం కాగానే నేను పుస్తకాలు దించాను, పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది! ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర మళ్లీ చదివాను. 1830 మేలో చెన్నపట్నంలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన మనిషి. ఎక్కడ మజిలీ, ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఏ ఊళ్లో ఏం అమ్ముతారు, అన్నీ రాసిపెట్టాడు. సుమారు వందమంది పరివారం, అందులో ఇంటి ఆడవాళ్లు. దారి పొడవునా చూసిన కళ్లు అన్ని ఉన్నా మనకు దొరికినవి ఒక్కరి కళ్లే. ఆ ఆడవాళ్లు నెలసరి రోజుల్లో పల్లకీలో ఎలా ప్రయాణం చేశారు? ఏ మజిలీలో చాటు దొరికింది, ఎక్కడ దొరకలేదు? నీళ్ల లెక్క అంత జాగ్రత్తగా రాసిన పుస్తకంలో ఈ లెక్క లేదు.

మరో నలభై ఏళ్లకు పోతం జానకమ్మ ఇంగ్లండు వెళ్లొచ్చింది. ఆమె పుస్తకం 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' 1876లో మద్రాసులో ఇంగ్లీషులో అచ్చయింది. తెలుగు స్త్రీ సముద్రం దాటి, చూసింది తనే రాసిన పుస్తకం అంత ముందే వచ్చినా, మన సాహిత్య చరిత్రల్లో యాత్రారచన అనగానే ఆమె పేరు మొదట ఎందుకు రాదు? నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక'ను మాత్రం చాలామంది గుర్తుపెట్టుకున్నారు. మా ఉమ్మడి ప్రకాశం జిల్లాలోనే పుట్టిన ఆచార్య ఎం. ఆదినారాయణ కాలినడక యాత్రలు 'భ్రమణకాంక్ష'గా వచ్చాయి. ఆయనే 'స్త్రీ యాత్రికులు' పుస్తకంలో లోకం తిరిగిన ఆడవాళ్లను ఒకచోట చేర్చారు. అది అవసరమైన పని, ఆ పుస్తకం చేతికొచ్చినప్పుడు నిజంగా సంతోషించాను. అయినా ఈ పుస్తకాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక మాట అనక తప్పదు. మనం యాత్ర అని పిలిచేది ఇష్టపడి చేసిన ప్రయాణాన్ని మాత్రమే. వెనక్కి రావడానికి ఇల్లూ, రాయడానికి తీరికా ఉన్నవాళ్ల ప్రయాణాన్ని మాత్రమే.

ఈ మాట నాకు తట్టేలా చేసింది కువైట్ అక్క. నేను తెచ్చిన గైడ్ పుస్తకం ఆమెకు చదివి వినిపిస్తున్నాను. నేను చూసిన గైడ్ పుస్తకాల్లో 'స్త్రీ యాత్రికులకు సూచనలు' అని విడిగా ఒక భాగం ఉంటుంది. ఏ బట్టలు కట్టాలి, ఎన్నింటికల్లా గదికి చేరాలి వగైరా. మగ యాత్రికులకు సూచనలు అని ఏ పుస్తకంలోనూ కనపడలేదు. అక్క అంతా విని నవ్వింది. "మేడమ్, నేను కొలంబో చూసినా" అంది. ఎప్పుడు అని అడిగాను. కువైట్ పోయేటప్పుడు చెన్నైలో ఎక్కి కొలంబోలో విమానం మారింది. రాత్రంతా విమానాశ్రయంలో కుర్చీలో కూర్చుంది. "అద్దంలోనుంచి కొబ్బరిచెట్లు కనపడినాయి. వాన పడతా ఉండె. బయటికి పోనీరు గదా" అంది.

ఆమెకు కాస్త సింహళం కూడా వచ్చు. 'కీయద' అంటే ఎంత అని, 'స్తూతి' అంటే నమస్కారంతో చెప్పే కృతజ్ఞత అని నాకు నేర్పింది. కువైట్‌లో పక్కింట్లో పనిచేసిన శ్రీలంక అమ్మాయి దగ్గర నేర్చుకుందట. చెత్త పడేయడానికి బయటికొచ్చినప్పుడు ఆ పది నిమిషాల్లో ఇద్దరూ ఒకరి భాష ఒకరు నేర్చుకున్నారు. ఆ పదకొండేళ్లలో మొదటి నాలుగేళ్లు పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయింది. అడిగితే ఇవ్వలేదు.

డబ్బు మూడు చోట్ల దాచుకోవడం, కాగితాల నకళ్లు ఇంట్లో ఒకరి దగ్గర ఉంచడం, కొత్త చోట ముందు ఆడవాళ్లు పనిచేసే కొట్టు వెతుక్కోవడం, బస్సులో డ్రైవరు వెనక సీటు పట్టుకోవడం, ఇవన్నీ ఆమె మాకు చెప్పిన సూత్రాలే. తక్కువ డబ్బుతో, తెలియని దేశంలో, భాష రాని చోట బతికి రావడం ఎలాగో మా ముగ్గురిలో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆమె. ఆమెను మాత్రం ఎవరూ యాత్రికురాలు అనరు. 'పోయొచ్చింది' అంటారు. ఆ మాటను ఊళ్లో ఏ గొంతుతో అంటారో మీకు తెలుసు.

ప్రభుత్వానిదీ అదే చూపు. పదో తరగతి పాసుకాని వాళ్ల పాస్‌పోర్టు మీద వలస అనుమతి ముద్ర ఉంటుంది. ఆ పాస్‌పోర్టుతో ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు పోవాలంటే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. రక్షణ కోసమే ఆ నియమం అంటారు. కాని అవసరం వయసు నిండేదాకా ఆగదు కాబట్టి, దళారి చేతిలో పడి దొంగదారిన పోయే ప్రమాదాన్ని ఆ నియమమే పెంచుతుందని స్త్రీల సంఘాలు ఎప్పటినుంచో అంటున్నాయి. శ్రీలంక యాత్రకు ఆ ముద్ర అడ్డం రాదు. సరదాగా పోతే అడ్డం లేదు, కూలికి పోతే ఉంది.

ఇక్కడ నన్ను నేను కూడా ప్రశ్నించుకోవాలి. మా ప్రయాణం ఇంత చవగ్గా ఎలా కుదిరింది? 2022లో ఆ దేశం అప్పులు తీర్చలేక కుప్పకూలింది. అక్కడి రూపాయి విలువ కొన్ని వారాల్లోనే పడిపోయింది. గ్యాసు కోసం, పాలపొడి కోసం బారులు తీరారు. వరసల్లో నిలబడింది ఎక్కువగా ఎవరో, ఇంట్లో తిండి తగ్గించుకున్నది ముందుగా ఎవరో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. నా 15 వేలు అక్కడ యాభై వేలవుతున్నాయంటే అందులో వాళ్ల నష్టం కూడా ఉంది. 'తక్కువ ఖర్చు యాత్ర' రాసేవాళ్లు తమ పొదుపును ఘనంగా చెప్పుకుంటారు. ఆ తక్కువ ఎవరి దగ్గర తగ్గిందో రాయరు. ఇంట్లో జీవితాంతం పొదుపు చేసిన ఆడదాని గురించి ఎలాగూ రాయరు. మా వదిన పలక మీద గీసిన లెక్క ఏ యాత్రాపుస్తకానికీ తీసిపోదు.

రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. కుడాగమకు మేం ఏమని పోతున్నాం? మా వైపు నల్లమలలో చెంచు పెంటలకు కార్లలో వచ్చి, పిల్లల చేతుల్లో బిస్కెట్లు పెట్టి, ఫొటోలు తీసుకుపోయే వాళ్లను చూశాను. 'ఎవరూ చూడని చోటు' చూశామని తర్వాత చెప్పుకుంటారు. అక్కడుండే మనుషులు లెక్కలోకి రారు. గద్దె చెప్పే ఎరుకల సానులు బుట్ట నెత్తిన పెట్టుకుని మా వీధుల్లో తిరిగేవాళ్లు. 1871 నేరస్థ జాతుల చట్టాన్ని తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేసి వాళ్ల జాతినే నేరస్థుల జాబితాలో చేర్చారు. తిరక్కుండా స్టూవర్టుపురం లాంటి చోట్ల కట్టడి చేశారు. దేశమంతటా ఆ చట్టం 1952లో గాని పోలేదు. తిరిగే స్త్రీ అంటే మా అగ్రకుల ఇళ్లలో పరువు సమస్య, వాళ్లకు పోలీసు స్టేషన్లో హాజరు సమస్య. ఒకే సామెత రెండు రకాలుగా పనిచేసింది. ఇప్పుడు నేను విమానం ఎక్కిపోయి, తిరగడం మానిపించిన మరో జాతి ఆడవాళ్లను 'చూసి' రావడమా? తెలుగు మాట్లాడతారు కాబట్టి మనవాళ్లే అనుకోవడం కూడా ఒక దబాయింపే.

ఇది విని వదిన చిరాకు పడింది. "అయితే పోవద్దంటావా? ఇన్ని నెలలు దాచింది ఇందుకా?" అంది. ఆమె చిరాకులో న్యాయం ఉంది. చదువుకున్న ఆడవాళ్లం ప్రశ్నలు వేసుకుంటూ కూర్చుని చివరికి ఇల్లు కదలకపోతే గెలిచేది సామెతే. కువైట్ అక్క దారి చూపించింది. "ముందు కబురు పంపండి. వాళ్లు రమ్మంటే పోదాం. రమ్మనకపోతే చెరువు చూసి వద్దాం. నా చెయ్యి చూస్తే మాత్రం డబ్బులిస్తా, ఊరికే చూపించుకోను" అంది. ఆ ఊరికి తెలిసినవాళ్ల ద్వారా కబురు పంపే ప్రయత్నంలో ఉన్నాం. పలక మీద ఒక వరస చెరిపి 'జోస్యానికి, మనిషికి' అని కొత్త వరస రాశాం.

అన్న అడిగిన రక్షణ ప్రశ్నను కూడా కొట్టిపారేయను. ఐక్యరాజ్య సమితి జనాభా నిధి శ్రీలంకలో చేసిన అధ్యయనంలో, బస్సుల్లో, రైళ్లలో వేధింపులు ఎదుర్కొన్నామని 90 శాతం స్త్రీలు చెప్పారు. కాని ఆ 90 శాతం అక్కడివాళ్లే, రోజూ పనికి పోయేవాళ్లే. వాళ్లు బస్సెక్కడం మానలేదు. మార్కాపురం, గిద్దలూరు బస్సుల్లో మా అనుభవం దానికి తక్కువేం కాదు.

ఈ పత్రిక చదివే రచయిత్రులకు, పరిశోధక మిత్రులకు ఒక విన్నపం. తెలుగు స్త్రీల యాత్రా సాహిత్యం మీద పని చేసేటప్పుడు అచ్చయిన పుస్తకాల దగ్గరే ఆగకండి. కడప, ప్రకాశం పల్లెల నుంచి కువైట్‌కు పోయొచ్చిన ఆడవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్లు చెబితే రాసుకోండి, వాళ్ల పేరుతోనే, వాళ్లు ఒప్పుకుంటేనే. నేను మా వీధి చివరి నుంచి మొదలుపెట్టాను.

అక్క పాస్‌పోర్టు గడువు తీరిపోయింది, కొత్తదానికి దరఖాస్తు పెట్టాం. వచ్చాక ముగ్గురి కాగితాలూ ఒకచోట, నా సంచిలో ఉంచుతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి మేడమ్" అంది. నేను మారు మాట్లాడలేదు.