పత్తికి సరే, వంకాయకు ఆగు

చట్టం ఒకటే, సంఘం ఒకటే, కంపెనీ ఒకటే, జన్యువు కూడా ఒకటే. జవాబులు మాత్రం రెండు. 2002 మార్చి 26న కేంద్ర పర్యావరణ శాఖలోని జన్యు ఇంజనీరింగ్ ఆమోద సంఘం, అంటే జీఈఏసీ, మహికో కంపెనీ బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. 2009 అక్టోబరు 14న అదే సంఘం అదే కంపెనీ బీటీ వంకాయకూ సరేనంది. కానీ 2010 ఫిబ్రవరి 9న పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని నిలిపేశారు. రెండు మొక్కల్లోనూ పెట్టింది క్రై1ఏసీ అనే జన్యువే. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసింది. అది ఉన్న మొక్కను కొరికిన కాయతొలుచు పురుగు చచ్చిపోతుంది.

ఈ రెండింటి గురించి మాట్లాడేవాళ్ళలో ఒక వర్గం మొదటిదాన్ని సైన్సు గెలుపు అనీ, రెండోదాన్ని ఓటమి అనీ అంటుంది. ఇంకో వర్గానికి మొదటిది కంపెనీకి లొంగిపోవడం, రెండోది ప్రజల విజయం. ఈ గెలుపోటముల లెక్క వదిలేసి, రెండింటినీ రెండు ప్రభుత్వ పత్రాలుగా చదివి చూద్దాం. అవి ఎవరి మాట విన్నాయి? ఏ కారణాలు చెప్పాయి? సంతకం పడిన మర్నాటి నుంచి ఏం జరగాలో ఆలోచించాయా? మొదటి రెండు ప్రశ్నల దగ్గర 2010 పత్రం ఎంతో ఎత్తున నిలుస్తుంది. మూడో ప్రశ్న దగ్గర రెండూ ఒకేలా చేతులెత్తేశాయి. మన పత్తి రైతు ఎక్కువగా నష్టపోయింది అక్కడే.

2002 అనుమతి ఏ పరిస్థితిలో వచ్చిందో ముందు గుర్తు చేసుకోవాలి. 1997–98లో వరంగల్ జిల్లాలో పత్తిని లద్దె పురుగు తినేసింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. అప్పులపాలైన రైతులు అదే పురుగుమందు తాగి చనిపోయారు. బీటీ విత్తనం మన పొలాల్లోకి రాకముందు సంగతి ఇది. ఆత్మహత్యలన్నిటికీ బీటీయే కారణమనే నినాదం ఈ వరసను మరిచిపోతుంది. మందుల ఖర్చు తగ్గించే విత్తనం వస్తుందంటే ఆ రైతు ఆశపడటంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. 1998లో కర్ణాటకలో నంజుండస్వామి నాయకత్వాన రైతు సంఘం ప్రయోగ క్షేత్రాల్లో పత్తిని తగలబెట్టింది. 2001లో గుజరాత్‌లో నవభారత్-151 పేరుతో అమ్ముడైన విత్తనంలో అనుమతి లేని బీటీ జన్యువు ఉందని బయటపడింది. వేల హెక్టార్లలో పంట అప్పటికే నిలబడి ఉంది. నాశనం చేయమని ఢిల్లీ ఉత్తర్వులిచ్చేసరికి పత్తి చాలావరకు మార్కెట్‌కు చేరింది. కొన్ని నెలల తర్వాత అధికారికంగా అనుమతి వచ్చింది. పొలంలో ఎప్పుడో మొలిచిన దానికి కాగితం మీద ముద్ర పడినట్లే అయింది.

ఆ అనుమతి మూడు హైబ్రిడ్లకు, మూడేళ్ళకు, షరతులతో ఇచ్చింది: మెక్-12, మెక్-162, మెక్-184. బీటీ పత్తి చుట్టూ బీటీ కాని పత్తి ఐదు సాళ్ళు గానీ, మొత్తం విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది వేయాలి. పురుగులన్నీ బీటీనే తింటూ పోతే దాన్ని తట్టుకునే జాతి మిగులుతుంది. పక్కన మామూలు పత్తి ఉంటే అక్కడ పెరిగిన పురుగులు వీటితో కలిసి ఆ తట్టుకునే గుణం పలచబడుతుంది. ఈ ఆలోచన శాస్త్రపరంగా సరైనదే. 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం సంచి కూడా ఇచ్చేవారు. రెండెకరాల కౌలు రైతు, కౌలు డబ్బు కట్టిన నేలలో ఐదో వంతు పురుగుకు వదిలేస్తాడని ఏ లెక్కన అనుకున్నారో అనుమతి పత్రం చెప్పదు. చాలామంది ఆ సంచిని గట్టున పడేశారు. వేశారా లేదా అని ఏ అధికారీ పొలానికి వచ్చి చూడలేదు. పురుగుకు తట్టుకునే శక్తి పెరుగుతోందా లేదా అని ఏటా పరీక్షించి సంఘానికి నివేదిక ఇచ్చే బాధ్యత కూడా విత్తనం అమ్మే కంపెనీకే అప్పగించారు.

అంతకన్నా పెద్ద విషయం ఒకటి ఆ పత్రానికి అసలు కనిపించలేదు. అనుమతి పొందినవన్నీ హైబ్రిడ్లు. అమెరికా, చైనా, ఆస్ట్రేలియా రైతులు ఎక్కువగా సూటి రకాలు వేస్తారు. మన దగ్గర మాత్రం బీటీ అంటే హైబ్రిడే అయింది. హైబ్రిడ్ విత్తనాన్ని రైతు దాచుకుని మళ్ళీ వేసుకోలేడు, ఏటా కొనాల్సిందే. కంపెనీకి మేధోహక్కు కన్నా గట్టి రక్షణ ఇదే. ఈ ఎంపిక వల్ల పురుగు విషయంలోనూ తేడా వచ్చింది. హైబ్రిడ్ మొక్క కాయలో కొన్ని గింజలకు విషం ఉంటుంది, కొన్నిటికి ఉండదు. గింజను తిని బతికే గులాబీ రంగు పురుగు అలాంటి కాయలోనే విషానికి అలవాటు పడుతుంది. కేంద్ర పత్తి పరిశోధన సంస్థ డైరెక్టరుగా పనిచేసిన కె.ఆర్. క్రాంతి ఈ మాట ఎన్నోసార్లు చెప్పారు. పైగా ఈ హైబ్రిడ్లు ఎక్కువ రోజులు చేను మీద ఉంటాయి. వానే ఆధారమైన తెలంగాణ చెల్క నేలల్లో చివరి కాపు దక్కడం కష్టం. అక్కడే ఆ పురుగుకు తిండి దొరుకుతుంది.

హైబ్రిడ్ విత్తనం తయారీ సంగతి మరీ బాధాకరం. ప్రతి పువ్వులో పుప్పొడి భాగాన్ని చేత్తో తీసేసి, మర్నాడు ఇంకో మొక్క పుప్పొడిని అద్దాలి. క్రాసింగ్ పని అంటారు. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఈ పనికి బడి మానిన ఆడపిల్లలను ఏళ్ళ తరబడి పెట్టారు. పరిశోధకులు దీన్ని వివరంగా నమోదు చేశారు. ఈ దుర్మార్గం బీటీకి ముందే ఉంది, నిజమే. కానీ హైబ్రిడ్ల మీదే నడిచే సాంకేతికతకు దేశమంతటా తలుపు తీస్తున్నప్పుడు ఆ పిల్లల చేతులు లెక్కలోకి రావాలి. ఎలుక మీద, మేక మీద, కోడి మీద ప్రభావం చూసిన సంఘం వాళ్ళ వైపు చూడలేదు. అది దాని పరిధి కాదనవచ్చు. ఎవరి పరిధో చెప్పగలిగినవాళ్ళు కూడా లేరు.

ఫలితాల దగ్గర న్యాయంగా మాట్లాడాలి. దేశంలో పత్తి ఉత్పత్తి 2002–03లో 136 లక్షల బేళ్ళు. 2013–14 నాటికి 398 లక్షలు. శనగపచ్చ పురుగు బెడద చాలా తగ్గింది, దాని కోసం కొట్టే మందూ తగ్గింది. ఇందులో కొంత కొత్త నేలలది, నీటి వసతిది, ఎరువులది. ఎంత వాటా దేనిదన్న తగవు ఇంకా తెగలేదు. బీటీకి అసలు వాటాయే లేదనడం మాత్రం సరికాదు. అయితే ఎకరా దిగుబడి 2007–08 తర్వాత పెద్దగా పెరగలేదు. 2010లో గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి తరం బీటీని తట్టుకుందని కంపెనీయే ఒప్పుకుంది. కొన్నేళ్ళకే రెండో తరం బీటీ అయిన బోల్‌గార్డ్-2 కూడా ఆ పురుగు ముందు ఓడింది. 2017లో మహారాష్ట్ర, తెలంగాణ రైతులు ఆ దెబ్బ తిన్నారు.

మన రాష్ట్రాల సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఆ మూడు మెక్ రకాలు ఇక్కడ సరిగా పండలేదని 2005లో జీఈఏసీయే ఆంధ్రప్రదేశ్‌కు వాటి అనుమతి పొడిగించలేదు. వరంగల్ రైతులకు పరిహారం ఇవ్వమని రాష్ట్ర ప్రభుత్వం అడిగితే కంపెనీ ఒప్పుకోలేదు. నష్టపోతే ఎవరు కట్టాలన్నది అనుమతి పత్రంలో లేదు కనుక రైతు చేతిలో ఆధారమూ లేదు. ప్యాకెట్ ధరలో జన్యువుకు కట్టే రుసుమే ఒక దశలో 1,250 రూపాయలకు చేరింది. రాష్ట్రం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్ళి, 2006లో ప్యాకెట్‌ను 750 రూపాయలకు దించింది. తర్వాత మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. బీటీ పత్తి చరిత్రలో ఒక ప్రభుత్వం రైతు పక్షాన నిలబడి నిజంగా సాధించిన పని ఇదొక్కటే అంటాను. ఇది ఢిల్లీ సంఘం చేసింది కాదు, హైదరాబాద్ సచివాలయం చేసింది.

ఇప్పుడు వంకాయ. 2010 పత్రం 2002 పత్రంలా లేకపోవడానికి మొదటి కారణం జైరాం రమేశ్ కాదు, సమాచార హక్కు చట్టం. బీటీ వంకాయ భద్రతా పరీక్షల వివరాలు కంపెనీ రహస్యమని దాచిపెట్టారు. సమాచార హక్కు దరఖాస్తు, కోర్టు జోక్యం తర్వాత 2008లో అవి బయటికి వచ్చాయి. బయటి శాస్త్రవేత్తలు వాటిని చదివి లోపాలు చెప్పగలిగారు. హైదరాబాద్ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవను సుప్రీంకోర్టు అదే ఏడాది జీఈఏసీలో పరిశీలకుడిగా కూర్చోబెట్టింది. జరగవలసిన పరీక్షల్లో చాలా భాగం జరగలేదనీ, జరిగినవి కంపెనీ చేయించుకున్నవనీ ఆయన వాదించారు. పరీక్షలు సరిపోతాయని తేల్చిన నిపుణుల కమిటీకి అధ్యక్షుడు అర్జుల రామచంద్రారెడ్డి, అప్పటి కడప యోగి వేమన విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. మన ప్రాంతంలో పనిచేసిన ఇద్దరు పెద్ద శాస్త్రవేత్తలు ఒకే దస్త్రం చదివి ఎదురెదురు నిర్ణయాలకు వచ్చారు. శాస్త్రం ఒకే మాట చెబుతుందనీ, రాజకీయమే దాన్ని చెడగొడుతుందనీ నమ్మేవాళ్ళు దీని దగ్గర ఆగి ఆలోచించాలి.

2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కోల్‌కతాతో మొదలుపెట్టి బెంగళూరు దాకా ఏడు నగరాల్లో బహిరంగ చర్చలు జరిగాయి. హైదరాబాద్ వంతు జనవరి 31. మొత్తం మీద ఎనిమిది వేల మంది దాకా పాల్గొన్నారు. కేకలు వేశారు, ప్లకార్డులు పట్టారు, ఒకరి మాట ఒకరు విననివ్వలేదు. గోలతో శాస్త్రం తేలదని అప్పట్లో కొందరు శాస్త్రవేత్తలు కోపగించుకున్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది కానీ ఒప్పుకోలేను. వంకాయ తినేది, పండించేది ఆ గోల చేసిన జనమే. ఉడుపి ప్రాంతపు గుళ్ళ వంకాయ రకంలోకి కూడా ఈ జన్యువు ఎక్కించారు. మా ఊరి కాయ ఏమైపోతుందని అక్కడి రైతు అడిగితే అది అజ్ఞానం ఎలా అవుతుంది? వంగకు ఈ దేశంలో వేల రకాలున్నాయి. పత్తి విషయంలో ఈ ప్రశ్న అడిగే వేదికే ఎవరూ ఇవ్వలేదు.

చర్చల తర్వాత వచ్చిన పత్రాన్ని కొంచెం మెచ్చుకోక తప్పదు. రాష్ట్ర ప్రభుత్వాలు రాసిన ఉత్తరాలు, అనుకూల శాస్త్రవేత్తల మాట, వ్యతిరేకుల మాట అన్నీ అందులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ అభ్యంతరమూ నమోదైంది. నిర్ణయం తనదేనని మంత్రి సంతకంతో ఒప్పుకున్నారు. అది తప్పని మనం అనుకుంటే ఏ పేరాలో తప్పో వేలుపెట్టి చూపించవచ్చు. 2002 అనుమతితో అలా వాదించడానికి వీలే లేదు, అందులో షరతులున్నాయి గానీ కారణాల్లేవు.

కానీ ఆ పత్రం చివర్లో పెట్టిన షరతు చూడండి. దీర్ఘకాలంలో ఆరోగ్యానికి, పర్యావరణానికి ముప్పు లేదని స్వతంత్ర పరీక్షలు ప్రజలకూ నిపుణులకూ తృప్తి కలిగేలా రుజువు చేసేదాకా నిలుపుదల సాగుతుంది. ఎవరికి తృప్తి కలిగితే ప్రజలకు కలిగినట్టు? ఆ పరీక్షలు ఏ ప్రయోగశాల చేయాలి? డబ్బు ఎవరివ్వాలి? ఏ సంవత్సరానికి నివేదిక రావాలి? ఇవేవీ లేవు. స్వతంత్ర ప్రయోగశాల లేదన్నదే నిలుపుదలకు ఒక ముఖ్య కారణమైనప్పుడు, దాన్ని కట్టించే బాధ్యత కూడా ఎవరికో అప్పగించాలి. అప్పగించలేదు. పదిహేనేళ్ళు దాటినా తాత్కాలిక నిర్ణయం శాశ్వతంగానే ఉంది.

ఈలోపు పక్కనున్న బంగ్లాదేశ్ 2013 అక్టోబరులో అదే జన్యువున్న వంకాయకు అనుమతి ఇచ్చింది. మొదట 20 మంది రైతులకు నారు పంచి, తర్వాత వేల మందికి విస్తరించింది. అక్కడ అది హైబ్రిడ్ కాదు. ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇచ్చే సూటి రకాలు, గింజ దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చు. పురుగుమందు ఖర్చు తగ్గిందని అక్కడి అధ్యయనాలు చెప్పాయి. మన దగ్గరా ధార్వాడ్, కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అలాంటి సూటి రకాలే సిద్ధం చేశాయి. కంపెనీ హైబ్రిడ్‌నూ విశ్వవిద్యాలయం సూటి రకాన్నీ ఒకే తాళం కింద పెట్టడం 2010 పత్రంలో నాకు కనిపించే పెద్ద లోపం. రెండింటి రాజకీయమూ, రైతు మీద వాటి భారమూ వేరువేరు. ఆ తేడా చూసి ఉంటే నిలుపుదల అందరికీ ఒకేలా ఉండేది కాదు.

పత్తి విషయంలో జరిగినట్టే వంకాయలోనూ చట్టం బయట విత్తనం దారి చూసుకుంది. 2019లో హర్యానాలోని ఫతేహాబాద్‌లో అనుమతి లేని బీటీ వంకాయ పొలంలో దొరికింది. మన దగ్గర కలుపు మందును తట్టుకునే పత్తి బీజీ-3 పేరుతో గుట్టుగా అమ్ముడవుతోంది. 2017లో కేంద్రం వేసిన క్షేత్ర పరిశీలన సంఘం ఆంధ్ర, తెలంగాణ, గుజరాత్, మహారాష్ట్రల్లో పత్తి విస్తీర్ణంలో 15 శాతం దాకా అదే ఉందని అంచనా కట్టింది. ఆ ప్యాకెట్‌కు బిల్లు ఉండదు, మొలవకపోతే అడిగే దిక్కుండదు. కూలి దొరకని రోజుల్లో కలుపు తీతకయ్యే ఖర్చు చూసి రైతు తెలిసే కొంటున్నాడు. అతన్ని నేరస్థుణ్ణి చేయడం తేలిక. సరే అన్నా, ఆగు అన్నా పొలం దాకా వచ్చి చూసే మనిషి లేకపోతే విత్తన వ్యాపారం దళారీ చేతికే పోతుంది.

జన్యుమార్పిడి ఆవాల సంగతి ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం తయారుచేసిన డీఎంహెచ్-11 ఆవాలకు 2022 అక్టోబరులో జీఈఏసీ పర్యావరణ విడుదలకు సిఫారసు చేసింది. తేనెటీగల మీద దాని ప్రభావాన్ని విడుదల తర్వాతి రెండేళ్ళలో పరిశీలించమంది. 2024 జులై 23న జస్టిస్ నాగరత్న, జస్టిస్ సంజయ్ కరోల్ అనుమతి చెల్లుబాటు మీద చెరోమాట చెప్పారు. జన్యుమార్పిడి పంటలకు జాతీయ విధానం రాయాలన్న దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటయ్యారు. ఆ విధానంలో ప్రతి అనుమతి పత్రానికీ నాలుగు వరుసలు తప్పనిసరి చేయాలని నేను కోరుతున్నాను. పొలంలో చూసే అధికారి ఏ శాఖవాడు? పురుగు పరీక్ష అమ్మకందారుతో సంబంధం లేని ఏ ప్రయోగశాల చేస్తుంది? పంట పోతే పరిహారం ఎవరి ఖాతా నుంచి వస్తుంది? ఏ తేదీన ఈ అనుమతిని, లేదా ఈ నిలుపుదలను, మళ్ళీ తెరిచి చూస్తారు?