తెలుగు తెర మీద న్యాయస్థానం: మూడు చిత్రాల విమర్శ

లక్ష్యాలు

ఈ పాఠం చదివాక మీరు:
• సినిమాలో కనిపించే కోర్టుకూ చట్టం చెప్పే కోర్టుకూ ఉన్న తేడాలను గుర్తించగలరు;
• కోర్టు కథాచిత్రాన్ని విమర్శించడానికి తగిన ప్రమాణాలను వివరించగలరు;
• శాసనవ్యవస్థ, ప్రభుత్వం, న్యాయస్థానం అనే మూడింటి పనుల హద్దులను ఉదాహరణలతో చర్చించగలరు.

1. పరిచయం

మనలో చాలామంది కోర్టును మొదటిసారి చూసేది సినిమాలోనే. జడ్జి సుత్తితో బల్ల మీద కొట్టి 'ఆర్డర్, ఆర్డర్' అంటాడు. సాక్షి భగవద్గీత మీద చేయి వేసి ప్రమాణం చేస్తాడు. మన కోర్టుల్లో సుత్తి వాడుక లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి దేవుని పేరిట ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుని ప్రస్తావన లేకుండా సత్యమే చెబుతానని ప్రకటించవచ్చు. మతగ్రంథం అవసరం లేదు.

ఇలాంటి పొరపాట్లను ఏరి చూపడమే విమర్శ అనుకోకండి. విమర్శకుడు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ కథలో న్యాయం ఎవరి పనివల్ల జరిగింది?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో ఆలోచించండి. మోతీనగర్‌లో అద్దెకు ఉంటున్న ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఆ ఇంటి కుర్రాణ్ణి పోలీసులు తీసుకెళ్తే తల్లిదండ్రులు పరుగెత్తవలసింది క్రిమినల్ కోర్టు వైపు. అక్కడ ఏం జరుగుతుందన్న ఊహ మాత్రం అదే నగరంలో, ఫిల్మ్‌నగర్‌లో తయారైంది. ఆ ఊహలో ఒక గొప్ప వకీలు ఉంటాడు, ఒక గొప్ప ప్రసంగం ఉంటుంది. అడగవలసిన హక్కులు ఉండవు. నష్టపోయేది ఆ కుటుంబమే.

2. 'వకీల్ సాబ్': మౌనంగా కూర్చున్న న్యాయమూర్తి

2016లో వచ్చిన హిందీ చిత్రం 'పింక్' ఆధారంగా వేణు శ్రీరామ్ దర్శకత్వంలో 2021లో వచ్చిన చిత్రమిది. వేధించిన వాణ్ణి ఎదిరించిన అమ్మాయి మీదే హత్యాయత్నం కేసు పడుతుంది. స్త్రీ వద్దంటే వద్దనే అర్థమని ఇంత పెద్ద తార చేత చెప్పించడం ఈ చిత్రం చేసిన మేలు. దాన్ని తక్కువ చేయనక్కర లేదు.

అయితే బోనులో నిలబడ్డ అమ్మాయిల నడవడిక మీద ప్రశ్నలు కురుస్తున్నప్పుడు న్యాయమూర్తి ఏం చేస్తున్నారో గమనించండి. 1872 నాటి సాక్ష్య చట్టం 54వ సెక్షన్ ప్రకారం, నిందితులు తమ మంచి నడతకు సాక్ష్యం తెస్తే తప్ప, వారి చెడు నడత నేర విచారణలో పరిగణనకు రాదు. అవమానించడానికే వేసే ప్రశ్నలను కోర్టు అడ్డుకోవాలని 152వ సెక్షన్ చెబుతుంది. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చింది. అంటే ఆ అమ్మాయిలను కాపాడవలసిన మొదటి వ్యక్తి బల్ల మీదే కూర్చున్నారు. చిత్రం ఆయన బాధ్యతను తీసి వకీలు ఆగ్రహానికి అప్పగించింది.

ఇక్కడ హైదరాబాద్ చరిత్ర గుర్తు చేసుకోవాలి. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగిందని, ఆమె భర్తను పోలీసులు కొట్టి చంపారని నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుబట్టింది. తరువాత కేసు కర్ణాటకలోని రాయచూర్ కోర్టుకు బదిలీ అయింది. 1981లో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఈ క్రమమంతటా ఆమె నడత మీద నిందలు ఆగలేదు. పోలీసు నిర్బంధంలో జరిగే అత్యాచారాల విషయంలో 1983లో చట్టాన్ని మార్చడానికి ఇలాంటి ఉదంతాలపై సాగిన ఉద్యమాలే కారణం. ఒక్క వాదన వల్ల కాక, వీధిలో నిలబడ్డ జనం వల్లా, పార్లమెంటు వల్లా ఆ మార్పు వచ్చింది. తెర మీద ఈ చరిత్రకు చోటు లేదు.

3. 'నాంది': ఒక్క దుర్మార్గుడి కథ

విజయ్ కనకమేడల దర్శకత్వంలో 2021లోనే వచ్చిన 'నాంది' విచారణ ఖైదీ బతుకును చూపింది. చేయని హత్యకు జైలు పాలైన యువకుడి ఏళ్లు అక్కడే కరిగిపోతాయి. మన జైళ్లలో ఎక్కువమంది శిక్ష పడినవారు కాదు, విచారణ కోసం ఎదురుచూస్తున్నవారు. వాళ్ల వైపు కెమెరా తిప్పడమే పెద్ద సాహసం.

కానీ కథ తప్పంతా ఒక పోలీసు అధికారి మీద వేస్తుంది. రాజ్యాంగంలోని 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆ తరువాత కోర్టు ఉత్తర్వు లేకుండా అతణ్ణి నిర్బంధంలో ఉంచకూడదు. మరి ఇన్నేళ్లూ ఆ ఉత్తర్వుల మీద సంతకాలు చేసినదెవరు? సత్వర విచారణ 21వ అధికరణంలో భాగమని 1979లోనే హుస్సైనారా ఖాటూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా! చిత్రం ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి పక్కకు తప్పుకుంటుంది. దుర్మార్గుడికి శిక్ష పడితే ప్రేక్షకుడు తృప్తిగా లేస్తాడు. జాప్యం అలాగే ఉంటుంది.

తప్పుడు కేసు పెట్టినవారిని శిక్షించడానికి 2024 జూన్ వరకు అమలులో ఉన్న భారతీయ శిక్షాస్మృతి 211వ సెక్షన్‌ను జనానికి పరిచయం చేయడం చిత్రం ప్రత్యేకత. ఒక్క మాట గుర్తుంచుకోండి. కోర్టు విచారణకు సంబంధించి ఆ నేరం జరిగినప్పుడు, ఆ కోర్టు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కేసు నడుస్తుంది. బాధితుడు నేరుగా వేస్తే చెల్లదు. ఇక్కడ కూడా తాళంచెవి న్యాయమూర్తి చేతిలోనే ఉంది.

4. 'కోర్ట్': చట్టం ఎవరిది?

రామ్ జగదీష్ దర్శకత్వంలో 2025లో వచ్చిన 'కోర్ట్' ఈ మూడింటిలో మన ప్రమాణానికి దగ్గరగా నిలుస్తుంది. పందొమ్మిదేళ్ల యువకుడు, పదిహేడేళ్ల అమ్మాయి ప్రేమించుకుంటారు. పరువు పోయిందనుకున్న ఇంటిపెద్ద పోక్సో చట్టం కింద కేసు పెట్టిస్తాడు. ఇందులో వకీలు వీరుడు కాడు, ఒక జూనియర్. అతడు పిడికిలి బిగించకుండా సాక్షుల మాటల్లోని అబద్ధాన్ని ఒక్కొక్కటిగా బయటికి లాగుతాడు. సాక్ష్యంతో నెగ్గడం ప్రేక్షకుడికి ఉత్కంఠ కలిగించగలదని ఈ చిత్రం నిరూపించింది.

లోపం మరోచోట ఉంది. జనానికి చట్టం తెలియకపోవడమే అసలు సమస్య అన్నట్టు కథ ముగుస్తుంది. తెలిసి ఉంటే మాత్రం ఆ యువకుడికి ఏం ఒరిగేది? 2012 చట్టం పద్దెనిమిదేళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి సమ్మతికి విలువ లేదు. పిల్లల్ని కాపాడటానికి ఆ గీత అవసరమేనా, ఈడు దగ్గరగా ఉన్న ఇద్దరికి మినహాయింపు ఉండాలా అన్నది అసలు చర్చ. ఆ గీతను మార్చగలిగేది పార్లమెంటు. కోర్టు చట్టానికి అర్థం చెప్పగలదు, అది రాజ్యాంగానికి విరుద్ధమైతే కొట్టివేయగలదు. కొత్త వయసు రాసే పని దానిది కాదు. చిత్రం ఈ చర్చను మొదలుపెట్టే చోట నిర్దోషి విడుదలతో తెర దించేసింది.

5. సారాంశం

మొదటి చిత్రంలో న్యాయం వకీలు గొంతులో ఉంది. రెండో చిత్రంలో పగ తీరడంలో ఉంది. మూడో చిత్రంలో సాక్ష్యంలో ఉంది. ఇది మెచ్చుకోవలసిన ప్రయాణమే. మూడింటిలోనూ లేనిది, లాయరును పెట్టుకోలేని వ్యక్తికి రాజ్యం చేయవలసిన సాయం. ఉచిత న్యాయసహాయం 39ఎ అధికరణంలో ఉంది, 1987 న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టంలో ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని ఆ కార్యాలయం తలుపు తట్టే తల్లిని మన తెర ఇంకా సరిగా చూపలేదు. మంచి వకీలు దొరకడం అదృష్టం. న్యాయం అదృష్టం మీద ఆధారపడకూడదనే కోర్టులు పెట్టుకున్నాం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. మీరు చూసిన ఒక తెలుగు చిత్రంలోని కోర్టు సన్నివేశంలో న్యాయమూర్తి చేయవలసి ఉండీ చేయని పని ఏమిటో పది వాక్యాల్లో రాయండి.
2. 'కోర్టు చట్టానికి అర్థం చెబుతుంది, పార్లమెంటు చట్టాన్ని చేస్తుంది.' పోక్సో చట్టంలోని వయసు నిబంధన ఆధారంగా చర్చించండి.